తడి విత్తనం

మౌలాలి గుట్ట కింది కుంట నీళ్లలో సింగాడ కాయలు పండించే జాన్ బీని పక్కింటి ఎల్లమ్మ ఎప్పుడూ ఆట పట్టించేది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల! జొన్న ఏసుకోరాదా చెల్లె?" అనేది. ఆ నల్లని కొమ్ముల కాయలు సికింద్రాబాద్ బజారుకు పోయేముందు, ఉడికిన మొదటి దోసెడు మాత్రం ఎల్లమ్మకే.

పోలీస్ యాక్షన్ రోజుల్లో జాన్ బీ, ఆమె భర్త నాసర్ ప్రాణాలు అరచేత పట్టుకుని బొల్లారంలో చుట్టాలింటికి పోయారు. కోతకొస్తున్న పంట కుంటలోనే ఉండిపోయింది. పోయేముందు జాన్ బీ, ముందుగా పండిన కాయలను మాత్రం విత్తనానికని కుండ నీళ్లలో వేసి, "జెర పైలం అక్కా" అని ఎల్లమ్మకు అప్పగించింది. ఆ హడావిడిలో అసలు మాట చెప్పడం మరిచింది.

మాఘంలో తిరిగొచ్చారు. నాసర్ మనసు విరిగిపోయి ఉంది.

"విత్తనం ఉంటే ఈడ్నే ఉందాం. లేకుంటే షోలాపూర్ మిల్లుకు పోదాం," అన్నాడు.

జాన్ బీకి కుంటను విడిచి పోవాలని లేదు. కాళ్లయినా కడుక్కోకుండా ఎల్లమ్మ ఇంటికి పరుగెత్తింది.

ఎల్లమ్మ గర్వంగా అటక మీంచి బుట్ట దించింది. వేపాకు వేసి, పైన గుడ్డ కట్టి ఎంత భద్రంగా దాచిందో! "నీళ్లు కంపు గొట్టినయ్ చెల్లె. పారవోసి పది దినాలు ఎండవెట్టిన. ఒక్క పురుగు సుత లేదు సూడు."

జాన్ బీ బుట్టలో చెయ్యి పెట్టింది; కాయలు గలగలమన్నాయి. జొన్న విత్తనం ఎండితేనే నిలుస్తుంది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి జొన్నే చూసిన మనిషికి ఇంకేం తెలుస్తుంది? తిడదామని నోరు తెరిచింది గానీ, ఆ వేపాకులు చూసేసరికి ఏడుపొచ్చింది.

"ఇది నీళ్లల్లనే ఉండాలె అక్కా. ఎండితే సచ్చిపోతది."

"అయ్యో, నా చేతులిరగ!" ఎల్లమ్మ బుట్ట కింద పెట్టేసింది. అంతలోనే, "మరి మీరు కొయ్యకుండ పోయిన కాయ ఏమైంది?" అంది.

"ఏమైతది, రాలి బురదల..." అంటూ జాన్ బీ ఆగిపోయింది.

ఎల్లమ్మ అప్పటికే కుంట దారి పట్టింది. జాన్ బీ ఆమె వెంట నడిచింది. నాసర్ గట్టు మీద దిగాలుగా కూర్చున్నాడు. అతని ముందే ఎల్లమ్మ చీర ఎగ్గట్టి, మోకాలి లోతు అడుసులో దిగి దేవులాడింది. "అబ్బా!" అంటూ చెయ్యి పైకెత్తింది. వేలికి గుచ్చుకుని ఒక నల్లకాయ. దాని నోట్లోంచి వేలెడు పచ్చని మొలక.

నాసర్ దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"ఇంకెన్ని ఉన్నయ్ అక్కా?"

"దిగితే తెలుస్తది తమ్మీ!"

అతను పైజామా మడిచాడు. జాన్ బీ సంతోషం పట్టలేక కుండ కోసం ఇంటికి పరుగెత్తింది.

"నీళ్లు నింపుకొని రాయే!" అని వెనక నుంచి ఎల్లమ్మ కేకేసింది.