కాఫీగింజ చుట్టరికం

హార్‌గ్రీవ్ దొర పేరెత్తితే చాలు, కియింగి పక్కకి తిరిగి ఉమ్మేస్తాడు. ఆఫ్రికాలోని బుగాండాలో చదువుల శాఖకు పెద్ద ఆ దొర. కియింగికి రక్తసోదరుడు కూడా, చెప్పుకోవడానికి సిగ్గుచేటు.

బడి కోసం స్థలం వెతుక్కుంటూ దొర ఒకసారి కియింగి గుట్ట మీదికి వచ్చాడు. కియింగి ఒకే కాయలోని రెండు కాఫీగింజలు తీసి, ఇద్దరి పొట్టల మీదా గీరగా వచ్చిన రక్తంలో ముంచి, ఒకరి గింజ ఒకరు తినాలన్నాడు. దొర నవ్వుతూ చొక్కా పైకెత్తాడు. గింజ నమిలి మింగాడు.

"ఇక మనం అన్నదమ్ములం. ఒకరడిగింది ఇంకొకరు లేదనకూడదు," అన్నాడు కియింగి. పంతులుగా తల నెరిసిన అతని తమ్ముడు లుటాయా ఆ మాట ఇంగ్లీషులో చెప్పాడు.

"అయితే ఈ తోట ఇచ్చెయ్!" అన్నాడు దొర.

కియింగి వేలిముద్ర వేసేశాడు. తోటలో తండ్రి సమాధి ఉంది. ఉంటేనేం, ఇప్పుడు దొరకీ ఆయన తండ్రే కదా! బదులుగా, ఖాళీగా ఉన్న బళ్ళ తనిఖీ అధికారి ఉద్యోగం లుటాయాకి ఇమ్మన్నాడు.

"దానికేం, చూద్దాం," అన్నాడు దొర.

ఎంపిక దొర బంగళా వరండాలో జరిగింది. కియింగి మెట్ల కింద నిలబడి చూశాడు. లుటాయాని నిలబెట్టే మాట్లాడి పంపేశారు. తర్వాత వచ్చిన తెల్ల కుర్రాడు ఫిప్స్‌కి మీసాలింకా సరిగా మొలవలేదు. వాడికి కుర్చీ, టీ, భుజం మీద తట్టడాలు.

"వాణ్ణేమడిగార్రా?"

"కాలేజీలో పడవపందేలు గెలిచావా అని అడిగారన్నా."

"తెడ్డేస్తే అధికారా? అయితే మన సరస్సు మీద చేపలు పట్టేవాళ్ళంతా గవర్నర్లే! మరి నిన్ను?"

"మీ నాన్న ఏం చేసేవాడన్నారు. ఉద్యోగం వాడికే. వాడికి మన భాష నేర్పమన్నారు నన్ను."

కియింగి గబగబా మెట్లెక్కాడు. "ఏం తమ్ముడూ, గింజ మింగలేదూ నువ్వు?"

లుటాయా తల వంచుకుని ఆ మాట అటు చెప్పాడు. దొర పగలబడి నవ్వి, చొక్కా ఎత్తి ఫిప్స్‌కి గీత చూపించాడు.

"అదేదో మీ సరదా అనుకున్నా కియింగీ! చేదుగా ఉందిలే."

ఇంటికొస్తే పెళ్ళాం ఊరుకోలేదు. "వెళ్ళి నీ తెల్ల తమ్ముణ్ణి తోట తిరిగిమ్మను, మగాడివైతే!"

"సోదరుడికిచ్చింది ఎట్లా అడుగుతానే? గింజ వాడికి సరదా అయితే నాకూ సరదానా?"

బడికని తీసుకున్న ఆ తోటలోనే ఫిప్స్ టెన్నిస్ ఆడటానికి నేల చదును చేయించాడు. కియింగికి పోయింది పద్నాలుగు ఎకరాల అరటితోట, తండ్రి సమాధితో సహా.