కట్ట కింది పొయ్యిలు

చెరువు నిండి మిగులు నీళ్లు మరువ మీదుగా దూకుతున్నాయన్న మాట రైలెక్కి అటు ధర్మవరం, ఇటు హిందూపురం చేరే పాటికి, హనుమంతప్ప తన లాడ్జిలో దుప్పట్లు మార్పించాడు. ఎవరూ పడుకోని దుప్పట్లే. అయినా మార్పించాడు.

పెనుకొండ అవతలి ఆ చెరువు కట్టకు ఈ కొసన అతని లాడ్జి, ఆ కొసన కట్ట కింద చౌడమ్మ అద్దెకిచ్చే కొట్టాలు. అతనిది సున్నం కొట్టిన మిద్దె. నవారు మంచాలు, పెట్రోమాక్సు దీపం, పొద్దున్నే వేడినీళ్లు, కూర్చున్న చోటికే ఇడ్లీ, కాఫీ. ఆమెవి బోదగడ్డి కప్పిన కొట్టాలు. బయట వాన వెలిసినా లోపల ఇంకాసేపు కురుస్తుంది. నులకమంచం మీద వాలితే నడుము నేలకు ఆనుతుంది. తాగడానికి నీళ్లడిగితే, "అంత చెరువుండాది, కండ్లకు కనపళ్యా?" అంటుంది. చీపురు అడిగితే చీపురు చూపించి తాను అరుగు మీద ఆకువక్క నములుతూ కూర్చుంటుంది.

చెరువు చూడవచ్చే జనం మాత్రం బండి దిగి తిన్నగా ఆమె దగ్గరికే పోతారు.

బయటి జనం పోతే పోయారు. సొంత అక్క అంజినమ్మ కూడా అక్కడికే పోవడం హనుమంతప్ప గొంతులో ముల్లయి కూర్చుంది. వానలకు ధర్మవరంలో మగ్గం గుంతలో నీళ్లూరి నేత ఆగిపోతుంది. అప్పుడు బావ నాగరాజు, అక్క, పిల్లలు మూట కట్టుకుని చెరువుకు వస్తారు. తమ్ముడు మిద్దె కట్టకముందు నుంచీ వస్తున్నారు. కట్టాక కూడా మిద్దె ముందర నుంచే బండి తోలుకుని పోతున్నారు. అక్క బండిలోంచి చెయ్యూపుతుంది. ఆ చెయ్యి చూస్తే అతనికి ఒళ్లు మండుతుంది.

కిందటేడు స్టేషనుకు తానే పోయి, బలవంతాన జట్కా ఎక్కించి లాడ్జికి తెచ్చాడు. అక్క మంచం అంచున, తెలియనివాళ్ల పెళ్లికొచ్చినట్టు ముడుచుకుని కూర్చుంది. ఇడ్లీ తిన్నది. కాఫీ తాగింది. చేతులు ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ చూసింది.

"పొయ్యి యాడుండాదిరా?"

"నీకెందుకక్కా పొయ్యి? అన్నీ ఈడికే తెస్తారు."

"అన్నీ వాళ్లే తెస్తే మేమేం చేయల్ల?"

"ఊరికే కూచో."

"ఊరికే కూచునేదానికి ఇంత దూరం యాల వస్తాము?" అన్నాడు నాగరాజు నవ్వుతూ. పొద్దు వాలకముందే మూట చౌడమ్మ కొట్టానికి చేరింది.

ఆ పొయ్యి గురించి హనుమంతప్పకు అప్పుడు బాగా తెలిసింది. ఆ కొట్టాల చూరు కింద వరసగా మట్టి పొయ్యిలున్నాయి. తొలిసారి వచ్చిన ప్రతి కుటుంబం తన చేత్తో ఒకటి పెట్టుకుంటుంది. పోయేటప్పుడు అలికి పోతుంది. మళ్లీ ఆ ఇంటివాళ్లు వచ్చేదాకా దాన్ని ఇంకొకరు వెలిగించరు, చౌడమ్మ కూడా ముట్టుకోదు. హిందూపురంలో బెల్లం వ్యాపారం చేసే ఖాదర్‌వలి ఇంటివాళ్లదొకటి, అక్కదొకటి, ఇట్లా. చౌడమ్మ సోమరితనాన్ని జనం మర్యాద అనుకుంటున్నారని హనుమంతప్ప పళ్లు కొరుక్కున్నాడు. పొయ్యి లేకపోతే చచ్చినట్టు మిద్దెకే వస్తారనుకున్నాడు.

ఈ ఏడు చౌడమ్మ సంతకు పోయిన మధ్యాహ్నం, అతను కట్ట దిగి కొట్టాల్లోకి పోయాడు. వానకు నాని మెత్తబడిన పొయ్యిలు కాలితో తోస్తే కూలిపోయాయి. అక్కది ఒక్క తోపుకు పోలేదు. మడమతో గట్టిగా తన్నాల్సి వచ్చింది.

బండ్లు వచ్చిన రోజు లాడ్జి గుమ్మంలో నిలబడి చెవులు రిక్కించాడు. కట్ట అవతల కేకలు వినిపించాయి. పొయ్యిలు పోయాయని ఆడవాళ్లు చౌడమ్మను తిడుతున్నారు. "గాడిదలు పడినాయమ్మా, నేనేం కాపలా కూచుంటానా!" అని ఆమె వాళ్లకంటే గట్టిగా అరుస్తోంది. అతని ప్రాణానికి ఆ కేకలు చల్లగా తగిలాయి. కాసేపటికి అక్క చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని లాడ్జి వైపే రావడం చూసి, లోపలికి తిరిగి, "రెండు రూములు తియ్యండ్రా" అని కేకేశాడు.

"హనుమంతా! మా పొయ్యి పడిపోయిందిరా."

"అయ్యో! పోనీలేక్కా. రూములు తీయించినాను. బావను కూడా పిల్చుకొని..."

"రూములేందిరా! కొత్త పొయ్యి పెట్టి పాలు పొంగియ్యల్ల. తొలిరాయి పుట్టింటోడే పెట్టల్ల కదా మనిండ్లల్లో. అప్పుడు ఆ పొయ్యికి నాయన వచ్చి పెట్టినాడు. ఇప్పుడు నువ్వు గాక ఎవురుండారు నాకు? లే, పంచె పైకి కట్టు."

అతను పంచె పైకి కట్టాడు. అక్క వెనకాలే కట్ట దిగాడు.

కొట్టాల ముందు తిరునాళ్లలా ఉంది. ఖాదర్‌వలి ఎర్రమన్ను తొక్కుతున్నాడు. అతని భార్య దౌలత్‌బీ గడ్డి తుంచి అందులో కలుపుతోంది. "బలే వచ్చినావప్పా, కాళ్లు కడుక్కోని దిగు" అని ఖాదర్‌వలి చోటిచ్చాడు. అందరి గొంతులూ తిట్ల నుంచి నవ్వుల్లోకి ఎప్పుడు దిగాయో ఏమో. హనుమంతప్ప రాయి పెట్టాడు, మన్ను పూశాడు. చౌడమ్మ అరుగు దిగలేదు.

"ఏమప్పా హోటలాయనా, వంకరగా ఉండాది చూడు."

"తెలుసులే," అంటూ సరిచేశాడు. తడి మన్ను మీద అరచేయి ఆనించి చదును చేశాడు. నాయన చేయి కూడా ఇట్లాగే ఆనిందని అక్క అంటుంటే తల ఎత్తలేదు. చేతులు కడుక్కునే ముందు చౌడమ్మ వైపు తిరిగి, "ఇదో చెప్తాండా. ఈ పొయ్యి మీద ఎవురన్నా చెయ్యేస్తే బాగుండదు," అన్నాడు.

"చెయ్యెవురేస్తారు నాయనా. కాలే కదా వేసేది," అని ఆమె వక్క ఉమ్మేసింది.

మొహం కాలినట్టయి అతను పొయ్యి ముందుకు పోయి కూర్చున్నాడు. అక్క పాలగిన్నె ఎక్కించి, ఊదుగొట్టం చేతికిచ్చింది. మన్ను పచ్చిది, కట్టెలు తడివి. పొగే తప్ప మంట లేదు. పక్క పొయ్యి మీద ఖాదర్‌వలి ఇంటివాళ్ల చాయ్ అప్పుడే తెర్లుతోంది. ఆ మన్నూ ఈ మన్నూ ఒకటే. ఆ కట్టెలూ ఇవే. వాళ్లదెట్లా మండింది? నోరు మరీ సన్నగా పెట్టారా? రాళ్లు ఎత్తుగా ఉన్నాయా? ఓరకంటితో కొలుస్తూ, కళ్లలో నీళ్లు కారుతుంటే అతను ఇంకా గట్టిగా ఊదాడు.

"మెల్లగరా! పాలు పొంగల్ల, బూడిద కాదు," అంది అక్క.

"నువ్వుండక్కా," అన్నాడు హనుమంతప్ప. "వాళ్ల పొయ్యి కంటే మనదేం తక్కువ?"