ఆపకూడని బండి

ఇంజన్ మోత వింటే చాలు, కళ్లు మూసుకొని అది డీజిలో పెట్రోలో చెప్పగలవాడిని కరీంనగర్ జిల్లా మొత్తంలో నేనొక్కడినే. ఆ మాట మొదటిసారి రుజువు చేయబోయినప్పుడు నేను డీజిల్ కారన్నది సుల్తానాబాద్ పిండిగిర్ని అని తేలింది.

మోత నిజంగా తెలిసినవాడు మా చిన్నాయన చొక్కారావు డ్రైవర్ మోషే. ఆ పొద్దున కూడా కరీంనగర్ కోర్టు ముందు, ఆగి ఉన్న అంబాసిడర్‌లో, ఆగని ఇంజన్ వెనక కూర్చొని సద్దన్నం తింటున్నాడు. మోకాళ్ల మీద గిన్నె గడగడా వణుకుతోంది. ఆ వణుకుకు గిన్నెలో పెరుగు దానంతటదే మజ్జిగవుతోందని, అతని భార్య రిబ్కమ్మ కవ్వం అమ్మేసిందని నేను ఊరంతా చెప్పాను.

పెట్రోల్ ఇంజన్ ఉన్నన్నాళ్లూ మోషే ఎక్కడంటే అక్కడ బండి ఆపి చాయ్ తాగేవాడు. బండి ముందు ఇనుప హ్యాండిల్ పెట్టి ఒక్క తిప్పు తిప్పితే బండి లేచేది. పెట్రోల్ ధర మండిపోయాక చిన్నాయన పాత వ్యాన్‌లోంచి తీసిన డీజిల్ ఇంజన్ బిగించాడు. దాన్ని చేత్తో తిప్పడం ఎవరి తరమూ కాదు. బ్యాటరీ పీనుగ. ఒకసారి ఆగితే ఎనిమిదిమంది తోయాలి. అందుకే ఇల్లు చేరేదాకా ఇంజన్ ఆపకూడదని, సీటు దిగకూడదని హుకుం. ఆరేళ్లుగా మోషే ఆ సీట్లోనే. ఇంట్లో చెంబు పట్టుకున్నా చేతులు అలాగే వణికేవి. పాత హ్యాండిల్‌ను మాత్రం సీటు కింద దాచుకున్నాడు.

రోడ్డవతల చర్చి గంట మోగింది. అతని చెల్లెలు సత్తవ్వ బిడ్డ పెండ్లి. తండ్రి లేని పిల్లను చేయిపట్టి లోపలికి తీసుకుపోవలసింది మేనమామే. ముందురోజే సెలవడిగితే చిన్నాయన, "కోర్టు అయినంక పో" అన్నాడు. మోషే ముద్ద నమలడం మానేశాడు.

"పో మోషే, నేను కూసుంట. ఇంజన్లు నాకెర్కే గద," అన్నాను పక్క సీట్లోంచి.

"ఏమెర్క చిన్నదొరా, గిర్నిని కారంటివి." గంట మళ్లీ మోగింది. "ఏదీ ముట్టకు. జర గట్లనే కూసో."

మూతి తుడుచుకుంటూ పరుగెత్తాడు.

పావుగంటకు ఇంజన్ దానంతటదే ఆగిపోయింది. అప్పుడే చిన్నాయన కోర్టు మెట్లు దిగాడు. మోత ఆగడం విని, జుట్టులో పూరేకులతో మోషే ఉరికొచ్చాడు.

"ఎవడు బంద్ జేసిండ్రా?"

"దానంతట గదే ఆగింది చిన్నాయినా. సూడు, తాళం తిప్పనేలే," అన్నాను.

మోషే స్టీరింగ్ పక్కకు చూశాడు. బయటికి పొడుచుకొచ్చిన నల్ల గుండీని బొటనవేలితో మెల్లగా లోపలికి నొక్కాడు. "సీటు దిగింది నేను దొరా. తప్పు నాదే."

"రేపటి సంది రాకు."

చిన్నాయన తోసేవాళ్లను పిలవడానికి వెళ్లాడు. మోషే నా వైపు వంగాడు.

"పెట్రోల్ బండి తాళంతోని ఆగుతది చిన్నదొరా. గిది గుండీ గుంజితెనే ఆగుతది."

"నేనే గుంజిన మోషే. చిన్నాయిన గంజి ధోతి మీద బండి నూకుతుంటె సూద్దామని... ఇప్పుడే పోయి చెప్త."

"చెప్పకు. మల్ల పిలిచి గీ సీట్లనే కూసోవెడ్తడు."

పెండ్లి డప్పుల వైపు రోడ్డు దాటాడు. ఈసారి పరుగెత్తలేదు. ఆరేళ్లుగా అతని బరువుకు సీటులో పడ్డ గుంటలో పాత హ్యాండిల్ పెట్టిపోయాడు. అరచేతి రాపిడికి నున్నబడ్డ దాని పిడి, వణక్కుండా, మెరుస్తూ ఉంది.