తీసేసి మళ్లీ వేసుకోండి

నాన్న గొంతు ఫోన్‌లో ఇరుక్కుపోయి మూడు రోజులైంది.

ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా అరిచిన గొంతది. ఆపరేషన్‌తో పోతుందని తెలిశాక నలభై మూడు మాటలు ఒక యాప్‌లో రికార్డు చేసి పెట్టుకున్నాడు. అందులో సగం తిట్లే. ఏ మాట కావాలంటే ఆ బటన్ నొక్కేవాడు. ఆ యాప్ కూతురు పనిచేసే కంపెనీదే. "వాడనప్పుడు మూసెయ్యి నాన్నా, చార్జింగ్ మిగులుతుంది" అని సలహా ఇచ్చిందీ ఆ మహాతల్లే. మూశాడు. మళ్లీ తెరిస్తే యాప్ ఇలా వచ్చి అలా మాయమైంది. ఎన్నిసార్లు తెరిచినా అంతే. రెండు రోజులు కాగితాల మీద రాసి చూపించాడు. నిన్నటినుంచి అదీ మానేశాడు.

యాప్‌లను పరీక్షించడమే ఆమె ఉద్యోగం. తప్పుందని రెండుసార్లు రాసి పంపింది. ప్రోగ్రామరు రెండుసార్లూ కొట్టిపారేశాడు. ఇవాళ నేరుగా అతని బల్ల దగ్గరికే వెళ్లింది.

"నా ఫోన్‌లో బ్రహ్మాండంగా పనిచేస్తోంది కదక్కా! తీసేసి మళ్లీ వేసుకోమను నాన్నగారిని."

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"తీసేస్తే రికార్డులన్నీ పోతాయి. మళ్లీ రికార్డు చేయడానికి ఆయనకి గొంతేదీ? అసలు నువ్వెలా చూస్తున్నావో నా ముందు చెయ్."

అతను ఫోన్‌లోంచి యాప్‌ను తుడిచేశాడు, కొత్తగా వేశాడు, తెరిచాడు. పనిచేసింది. ఏడాదిగా రోజుకు ఇరవైసార్లు చేసేది ఇదేనట! ఒకసారి మూసినదాన్ని మళ్లీ తెరిచి చూసిన పాపాన పోలేదు.

"ఇప్పుడొక మాట రికార్డు చెయ్. విను. మూసెయ్. మళ్లీ తెరువు."

యాప్ కూలిపోయింది. అతని మొహంలో నెత్తురుచుక్క లేదు.

తెరవగానే, మాటల జాబితా ఇంకా రాకముందే చివరగా విన్న మాట కోసం వెతికి, అది దొరక్క యాప్ చతికిలబడుతోందని సాయంత్రానికి తేలింది. కోడ్‌లో నాలుగు వరుసలు మార్చాడు. నాలుగంటే నాలుగు! వాటికోసం మూడు రోజులు ఒక మనిషి నోరు కట్టేశారు.

ఇంటికొచ్చి, నాన్న ఫోన్‌లో పాతదాన్ని తీయకుండానే అప్‌డేట్ వేసింది. నలభై మూడూ ఉన్నాయి. మూసి, మళ్లీ తెరిచింది. ఉన్నాయి. నాన్న ఫోన్ లాక్కుని గుండెకు హత్తుకున్నాడు.

అంతలో ఆమె ఫోన్ మోగింది. ప్రోగ్రామరు. "అక్కా, వచ్చిందా? నాన్నగారికి సారీ చెప్పాలి." ఆమె స్పీకర్ పెట్టింది.

నాన్న జాబితాలో తాపీగా వెతికి, ఒక బటన్ నొక్కాడు.

"చెప్పేది చెవికెక్కదటయ్యా నీకు!"

నాన్న అదే బటన్ ఇంకోసారి నొక్కాడు.