ఆయన సీటులో బరువు

చచ్చినవాడి కళ్ళు చారెడేసి అంటారు. నేను అలా చెప్పను. మా ఆయన రాజమోహన్ కళ్ళు మామూలు కళ్ళే, ఎప్పుడూ వెల్డింగు వెలుగుకి ఎర్రబడి ఉండేవి. కోపం నాకు ఎక్కువ, మొండితనం ఆయనకి ఎక్కువ. యాంగోన్‌లో తామ్వే పేటలో, బండ్లు బాగుచేసే మా షెడ్డుకి వచ్చే బర్మావాళ్ళు ఆయన్ని కో రాజ్, అంటే రాజ్ అన్న, అని పిలిచేవాళ్ళు. ఎంత పాత బండైనా ఆయన చెయ్యి పడితే నడుస్తుందని వాళ్ళ నమ్మకం. అలాంటి మనిషి జీవితమంతా సిటీ బస్సుల్లో వేలాడాడు. సొంతానికి ఒక్క బండీ లేదు.

చివరికి ఒకటి దొరికింది. ఊరి శివార్లలో ఇన్సేన్ అవతల ఒక పాత గోదాములో, కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న ఫోర్డు కారు డొల్ల. జపాను యుద్ధానికి ముందుది. దాన్ని లారీ మీద తెచ్చి, పైకప్పు కోసి పొట్టి చేసి, ముందు రేకులు విప్పేసి, టయోటా ఇంజను బిగించాడు. అలా చేసినదాన్ని హాట్‌రాడ్ అంటారట.

"కప్పు అంత కిందకి దించేసేవు. నా కొప్పు తగల్దేటి?" అన్నాను.

"జడేసుకో. ఆ పక్క సీటు నీదేనే రత్నం" అన్నాడు. కనకరత్నం అని నా పేరు పూర్తిగా ఆయన ఎప్పుడూ పలికింది లేదు.

ఇక్కడ ఆయన పద్ధతి ఒకటి చెప్పాలి. గతుకుల్లో బండి ఎగిరెగిరి పడకుండా వెనక ఇరుసుకీ పైన చట్రానికీ మధ్య రెండు షాకబ్జర్లు బిగిస్తారు. మనుషులు ఎక్కి కూర్చున్నాక అవి సగం సాగి, సగం నొక్కుకుని ఉండాలి. అందుకని వాటిని పట్టుకునే పై బ్రాకెట్లు ఎక్కడ అతికించాలో తేలాలంటే సీట్లలో బరువుండాలి. మిగతా షెడ్లవాళ్ళు బియ్యం బస్తాలు వేస్తారు. ఈయన ఒప్పుకునేవాడు కాదు.

"బండి సుకం బస్తాకి తెలుస్తాదేటి? ఎవుల బండిలో ఆలే కూకోవాల" అనేవాడు. బండి సొంతదారునీ పెళ్ళాన్నీ పిలిపించి సీట్లలో కూర్చోబెట్టి, తను కింద పడుకుని సుద్దతో గీత పెట్టేవాడు. పెళ్ళాం రాకపోతే ఆ సీట్లోకి నన్ను తోసేవాడు. అలా ఎంతమంది పరాయి మగాళ్ళ పక్కన దిష్టిబొమ్మలా కూర్చున్నానో! వీధిలో ఆడవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. "నా బరువు నీకు తప్ప ఊరందరికీ పనికొస్తంది" అని తిట్టేదాన్ని. ఆయనకి ఆ తిట్టు ఇష్టం.

మా బండికి కింది బ్రాకెట్లు తనే అతికించాడు. పైవాటికి కరెంటు కోసం ఆగాడు. యాంగోన్‌లో కరెంటు మనం రమ్మంటే వచ్చేదా? అది వచ్చేలోపు ఆయన గుండె ఆగిపోయింది, పక్కనే కో ఆంగ్ టీకొట్టు నుంచి తెచ్చుకున్న టీ సగం తాగి ఉండగా. ఆ రోజు నేను ఏడవలేదు. ఆయన్ని తిట్టాను. ఇంత తొందరేమొచ్చిందని, నాకు చెప్పకుండా ఎక్కడికీ వెళ్ళని మనిషివి ఇలా చేస్తావా అని, గొంతు పోయేదాకా తిట్టాను.

ఆయనతో కలిసి వెల్డింగు చేసే సన్యాసి నన్ను వదినా అంటాడు. వానలు తగ్గాక వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినా, అన్న బండి తుప్పెక్కిపోతంది. పై బ్రాకెట్లు ఎట్టేద్దుమా?"

"ఎట్టేద్దాం. ఆయన పద్దతిలోనే. నేను కూకుంతాను."

"మరి అన్న సీట్లో?"

"ఎవులూ కూకోరు."

రేవులో మూటలు మోయడానికి తెలుగునేల నుంచి ఓడెక్కి వచ్చిన మా తాతల నాటి నుంచి మా ఇళ్ళలో ఒక పట్టింపుంది. పోయినవాళ్ళ పీట మీద ఏడాది తిరిగేదాకా ఎవరూ కూర్చోరు. పీట ముందు నీళ్ళు పెడతాం. ఈయన ఇంట్లో పీట మీద ఎన్నడు కుదురుగా కూర్చున్నాడు కనక? ఆయన పీట ఆ సీటే. దాని మీద ఆయన తువ్వాలు పరిచి, కింద చెంబుతో నీళ్ళు పెట్టాను, రోజూ మారుస్తూ వచ్చాను.

"పోనీ బస్తా ఏద్దుమా?" అన్నాడు సన్యాసి మెల్లగా.

"ఆయన సీట్లో బస్తా ఏస్తావేటిరా?" అని విరుచుకుపడ్డాను. వాడు బస్తా మాట వదిలేశాడు. ఆ పట్టింపు వాళ్ళింట్లోనూ ఉంది.

కరెంటు ఉన్న రోజు చూసుకుని నేను జడ వేసుకుని నా సీట్లో కూర్చున్నాను. సన్యాసి కింద దూరి గీతలు పెట్టి, బ్రాకెట్లు అతికించాడు. కాలిన ఇనుము వాసన చాలా కాలానికి మా షెడ్డంతా నిండింది. నాకు కాస్త సంతోషం కూడా కలిగింది. ఆయన వింటున్నట్టే, "అయిపోయిందయ్యా నీ బండి" అన్నాను.

దిగి చూస్తే సన్యాసి బండి వెనక తలొంచుకుని నిలబడి ఉన్నాడు.

"ఏటి?"

"నువ్వే సూడు."

వంగి చూశాను. నా పక్క బ్రాకెట్టు పైకి ఉంది, ఆయన పక్కది వేలెడు కిందికి ఉంది. నా ఒక్కదాని బరువుకి బండి నా వైపు ఒరిగింది. అలా ఒరిగి ఉండగానే కొలిచి అతికించాం.

"ఎవులైనా ఎక్కి నడిపేరంటే, అన్న పక్క షాకబ్జరు మొదటి గోతికే అడుక్కంటా నొక్కీసుకుని ఇరిగిపోద్ది" అన్నాడు.

"ముందే తెల్దేటి నీకు?"

"తెలుసు వదినా. అన్న సీట్లో మనిసిని కూకోబెట్టమని ఏ నోటితో సెప్పగల్ను?"

 పనిముట్ల పెట్టె మీద కూలబడ్డాను. ఆయన చెయ్యి పడ్డ బండి ఏదీ వంకరగా ఈ షెడ్డు దాటలేదు. ఇప్పుడు ఆయన సొంత బండే వంకర. సరిచెయ్యాలంటే ఆ సీటు ఇంకొకరికి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆయన ఆఖరి పని చెడినట్టే. ఏది వదులుకున్నా ఆయన్నే వదులుకోవాలి, అదేం న్యాయమో నాకు అర్థం కాలేదు.

లేచి చెంబులో నీళ్ళు బయట మొక్కకి పోశాను. తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకుని నా సీట్లో కూర్చున్నాను.

"కోసీ" అన్నాను. సన్యాసి బ్రాకెట్లు రెండూ కోసేశాడు.

"కో ఆంగ్‌ని పిలు. ఆయనంత ఒళ్ళున్నవోడు ఈదిలో అతనొక్కడే."

కో ఆంగ్ చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చాడు. చెప్పులు బయట వదిలి, "కూర్చోనా మ రత్నా?" అని బర్మాలో, అక్కా అన్నట్టు, అడిగాడు. తల ఊపి కళ్ళు మూసుకున్నాను. అటు పక్క సీటు కిందికి దిగింది, నా పక్క మెల్లగా పైకి లేచింది. ఆయనెక్కినా అంతే దిగేది. ఆయన ఎక్కాడనే అనుకున్నాను, ఆ క్షణం నాకు చాలా బాగుంది.

"సమానంగా వొచ్చింది వదినా! ఈసమెత్తు తేడా నేదు!" కింద నుంచి సన్యాసి అరిచాడు.

కళ్ళు తెరిస్తే కో ఆంగ్ ఉన్నాడు. ఈ బండిలో ఆయన స్థలం ఎవరికీ సరిపోదనుకున్నాను. టీకొట్టు మనిషి కూర్చుంటే చక్కగా సరిపోయింది. దుఃఖం ఒక్కసారి తన్నుకొచ్చింది. తువ్వాలు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు, ఒళ్ళంతా ఊగిపోయింది.

"కదలకు వదినా," అన్నాడు కింద సన్యాసి, "గీత తప్పుతంది."

కదలకుండా ఏడవడం నాకు చేతకాలేదు.