వక్క మానేశాక

అన్నం తిన్నాక ఆకూ వక్కా పడకపోతే రత్నమ్మకు తోచేది కాదు. మలేషియా పామాయిల్ తోటల్లో పుట్టి, పెళ్లయ్యాక సింగపూర్‌లోని జురాంగ్ వెస్ట్‌లో స్థిరపడిన మనిషి. భర్త గోవిందయ్య పోయాక ఆ అలవాటు మరీ ముదిరింది. దవడన వక్క ఉంటే ఒళ్లు వెచ్చబడి, మనసు కుదుటపడేది.

ఒకరోజు పళ్ల డాక్టరు ఆమె బుగ్గ లోపల తెల్లమచ్చ చూసి, వక్క మానకపోతే క్యాన్సర్‌లోకి దిగవచ్చన్నాడు. రత్నమ్మ ఇంటికొచ్చి అక్షరతో చెప్పింది. అక్షర కర్నూలు పిల్ల. మెదడు మీద పరిశోధన చేస్తూ రత్నమ్మ ఫ్లాట్‌లోనే ఒక గదిలో అద్దెకుంటోంది.

“వక్క ముక్కకు అంత పవరా, పాపా?”

“దాంట్లో అరెకోలిన్ అని ఒకటుంటాది ఆంటీ. నరాలు మాట్లాడుకునేదానికి మెదడులో ఒక రసం ఊరతాది. ఇది అచ్చం దాని మాదిరే నటిస్తాది. నరాలు మోసపోయి హుషారైతాయి.”

“అయితే నా నెమ్మది దొంగదా?”

“నెమ్మది నిజమే ఆంటీ.”

రత్నమ్మ మర్నాటి నుంచే మానేసింది. తల దిమ్మెక్కింది, చేతులు ఊరుకోలేదు, నిద్ర పట్టలేదు. ఊరకే ఏడుపు ముంచుకొచ్చేది.

“ఆయన మళ్లీ పోయినట్టుంది పాపా.”

“వక్క మానినందుకే ఆంటీ, కొంత. కొన్ని వారాలకు మెదడు సర్దుకుంటాది.”

ఆ మాటే పట్టుకుని ఓర్చుకుంది. ఏడుపొచ్చినప్పుడల్లా ఇది వక్క చేసే పనేలే అనుకునేది.

దిమ్ము దిగింది. నిద్ర వచ్చింది. నోరు వక్కను అడగడం మానేసింది. మచ్చ పెరగలేదని డాక్టరు చెప్పిన రోజు, కింద తిండి అంగళ్లుండే హాకర్ సెంటర్‌లో కాఫీ తెచ్చుకుని కూర్చుంది. మంచి కబురు చెప్పబోయి పక్కకు తిరిగింది. ఎవరూ లేరు. ఏడుపొచ్చింది, మునుపటంతే.

కాఫీ వదిలేసి ఇంటికొచ్చింది.

“లోపల ఇంకా వక్క మిగిలుందా, పాపా?”

“ఎప్పుడో పోయింటాది ఆంటీ.”

“అయితే ఈ ఏడుపు నాదే.”

అక్షర బ్యాగు కింద పెట్టి పక్కన కూర్చుంది. గోవిందయ్య తనను చూడవచ్చిన రోజు గురించి రత్నమ్మ చెప్పడం మొదలుపెట్టింది. కాసేపు విని, ల్యాబ్‌కు ఆలస్యమవుతోందని ఆ పిల్ల లేచింది.

తలుపు మూసుకున్నాక కూడా రత్నమ్మ ఆపలేదు. ఆయన ఏ చొక్కా వేసుకొచ్చాడో, సిగ్గుకు టీ ఎలా ఒలకబోశాడో, అన్నీ చిన్నగా చివరిదాకా చెప్పింది.