రిజర్వులో పడ్డ బండి

నమ్మనివాళ్లెవరైనా ఉంటే ఇప్పుడే చెయ్యెత్తండి. కథేం ఆగదు గానీ, మిమ్మల్ని వెనక కూర్చోబెడతాం. ఈ మోటారు సైకిలు మూడు లక్షల కిలోమీటర్లు తిరిగింది. అందులో వింతేం లేదు, శ్రద్ధగా చూసుకుంటే ఏ బండైనా తిరుగుతుంది. కానీ ఇరవై రెండేళ్లపాటు దాని ట్యాంకులో ఒక్క చుక్క పెట్రోలు పోయలేదు. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి, ఆఖర్న కుదరదు.

బండి ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే మనిషిది. అందరూ ఆయన్ని మీటర్లాయన అనేవాళ్లు. తప్పు రీడింగు రాసిన పాపాన పోలేదు. మెట్లకింద బూజు వెనక దాక్కున్న మీటరైనా సరే, మోకాళ్ల మీద వంగి, అద్దం తుడిచి, అంకె అంకె పైకి చదివి మరీ రాసుకునేవాడు. రోజూ పొద్దున్నే బండి కడిగేవాడు. కడగడమంటే అలాంటిలాంటి కడగడం కాదు. చువ్వచువ్వకీ పాత పళ్ల బ్రష్షు, చైనుకి కిరసనాయిలు, ఆ తర్వాత నూనె. ట్యాంకుకి పాలిష్ పెట్టాడంటే ఎదురింటావిడ అందులో చూసుకుని తల దువ్వుకునేది. పిచ్చుకలు అందులో తమని తాము చూసుకుని పోట్లాటకి దిగేవి.

పెట్రోలు అయిపోవచ్చినప్పుడు నాలుగు కిలోమీటర్లు గట్టెక్కించడానికి ట్యాంకు అడుగున కాస్త మిగులుతుంది చూడండి, అదే రిజర్వు. ఈ బండి పెట్రోలు కుళాయి రిజర్వు దగ్గర బిగుసుకుపోయింది. అప్పట్నుంచీ దాని మీదే నడిచింది. కొందరికి ఎడమచేతివాటం ఉన్నట్టు దీనికిదీ అనుకుని ఎవరూ పట్టించుకోలేదు. ఎనిమిది జతల టైర్లు మార్చిన మెకానిక్ కూడా పెట్రోలు ఊసెత్తేవాడు కాదు. బంకులో గాలి కొట్టి పంపేసేవాళ్లు.

ఒక్కటే ఇబ్బంది. సిగ్నలు దగ్గర ఆగితే చాలు, పక్క బండివాడు మైలేజీ ఎంతిస్తుందండీ అనేవాడు. మీటర్లాయన మొహం మాడిపోయేది. గొప్పలు చెప్పుకోని మనిషి అనుకునేవాళ్లు. అసలు సంగతి ఆయనకీ బండికీ మాత్రమే తెలుసు.

ఇరవై రెండేళ్లకిందట ఆయన అక్కకి కుట్టు నేర్పే బడినుంచి ఉత్తరం వచ్చింది. టీచరు ఉద్యోగానికి పదింటికి రమ్మని. బడి పద్దెనిమిది కిలోమీటర్లు. రాత్రంతా వాన పడి దారి బురదబురదగా ఉంది. మీటర్లాయన ముందురోజే ట్యాంకు నింపించి, తెల్లారి కడిగి, పాలిష్ పెట్టి బండిని నీడలో నిలబెట్టుకున్నాడు. అక్క చెప్పులేసుకుని గుమ్మంలోకి వచ్చింది. ఆయన ఒకసారి బురద వంక, ఒకసారి బండి వంక చూశాడు.

"బండి రిజర్వులో పడిందక్కా. అంతదూరం రాదు."

ఆ మాట బండి వింది. యజమాని మాట పోనివ్వకూడదనుకుందో ఏమో, ఆ క్షణం నుంచి రిజర్వులోనే ఉండిపోయింది.

అక్క నడిచి వెళ్లేసరికి బస్సు దాటిపోయింది. ఇంకో బస్సు పట్టుకుని చేరేసరికి బడి తలుపులు మూశారు. మళ్లీ పట్టుకున్న వానలో తడిసి ఇంటికొచ్చి, తప్పు నాదేలేరా, ఇంకో గంట ముందు లేవాల్సింది అంది. ఆ తర్వాత మళ్లీ ఏ ఉద్యోగం జోలికీ పోలేదు. పుట్టడమే వారం ఆలస్యంగా పుట్టాను, నాకు వేళ కలిసిరాదు అని నవ్వేసేది. ముందుగదిలో కూర్చుని జనం ప్యాంట్లు బిగించి, హుక్కులు కుట్టి, కళ్లు పాడుచేసుకుంది. పైగా ఏటా తమ్ముడి బండికి కొత్త సీటు కవరు కుట్టేది, రెండు వరసల కుట్టుతో. దాని మీద కూర్చుంటే ఆయనకి ముళ్లమీద కూర్చున్నట్టుండేది. ఎన్నోసార్లు "అక్కా, ఆ రోజు..." అని మొదలుపెట్టాడు. ఏ రోజురా అనేది. కరెంటు పోయిన రోజు అని మింగేసేవాడు.

ఈ ఏడు అదే బడివాళ్లు మళ్లీ టీచరు కావాలన్నారు. దరఖాస్తు ఆయనే నింపి, అక్క చేత సంతకం పెట్టించి పంపాడు. పిలుపొచ్చింది. ఆ పొద్దున అక్క ఇస్త్రీ బట్టలు కట్టుకుని, బండెక్కుతూ ఒకటే మాట అంది. ముందు పెట్రోలు కొట్టించు. దీనికి అక్కర్లేదక్కా అన్నాడు.

"ఆ రోజూ దీన్నే నమ్ముకున్నాంరా. పద బంకుకి."

ఆవిడ మామూలుగానే అంది. ఆయన ట్యాంకు మూత వంక చూశాడు. ఆ మూత ఇరవై రెండేళ్లుగా ఎవరూ తీయలేదు. ఏం కనపడుతుందోనని ఆయనే తీయలేదు.

బంకులో పెద్ద వరస. అక్క గడియారం చూసుకుని, నాకు కలిసిరాదంటే విన్నావు కాదు, వెనక్కి తిప్పు అంటూ దిగబోయింది. అంతలో వీళ్ల వంతు వచ్చింది. బంకు మనిషి మూతకి నూనె చుక్కలేసి, రెండు దెబ్బలేసి, తిప్పి తీశాడు.

"ఇందులో చుక్క పట్టదు సార్. మెడదాకా ఉంది." వంగి చూశాడు. "ఈ రంగు పెట్రోలు రావడం మానేసి ఇరవై ఏళ్లు దాటింది. నేను పనిలో చేరిన కొత్తలో చూశాను."

అక్క కూడా వంగి చూసింది. తర్వాత తమ్ముణ్ణి చూసింది. ఆయన మీటరు అంకె అంకె చదివినట్టు చెప్పాడు.

"ఆ రోజు ట్యాంకు నిండుగా ఉందక్కా. బండి కడుక్కున్నాను. బురద చూసి అబద్ధమాడాను."

వెనకనుంచి హారన్లు మోగుతున్నాయి. అక్క ఎవరితోనూ కాకుండా అంది: "అయితే నేను ఆలస్యంగా లేవలేదన్నమాట."

తర్వాత ఎక్కి కూర్చుని, పోనియ్యి అంది.

ఆయన చెయ్యి పెట్టగానే కుళాయి వెన్నలా తిరిగింది. ఇక చూడండి ఆ పరుగు, వెనకొచ్చే గాలి వీళ్లని అందుకోలేక మధ్యలో ఆగిపోయింది. దారిలో నీళ్లగొట్టం పగిలి మోకాలిలోతు బురద. పక్కకి తిప్పకుండా నేరుగా దాంట్లోంచే పోనిచ్చాడు. పదికి పావుతక్కువకి బడి గేటు ముందు ఆగారు. ట్యాంకు కూడా అక్కడే ఎండిపోయింది, చుక్క లేకుండా.

లోపల అక్కకి గుడ్డా కత్తెరా ఇచ్చారు. టేపు పట్టలేదు, సుద్దతో గీత గీయలేదు. ఎదురుగా ఉన్న బడి పెద్దాయన భుజాలు ఒక్కసారి చూసి, ఒళ్లంతా కోపంతో, ఆయన కొలతకి చొక్కా కత్తిరించి పడేసింది. ఇన్నేళ్లూ ఎక్కడున్నారమ్మా అని ఆయన అడిగాడు.

"రిజర్వులో ఉన్నానండీ."

ఉద్యోగం ఇచ్చారు. బయటికొచ్చి ఉద్యోగం వచ్చిందని తమ్ముడికి చెప్పి, బస్సు స్టాపు వైపు నడిచింది.

మీటర్లాయన పద్దెనిమిది కిలోమీటర్లు బండి తోసుకుంటూ వెళ్లాడు. దారిలో బంకు తగిలింది, ఆగలేదు. దాటిన కాసేపటికి బండి మీటరులో తొమ్మిదులన్నీ మూడోసారి సున్నాలయ్యాయి. అలా మూడు లక్షలు నిండాయి మనిషి తోస్తుంటేనే. అప్పుడే బస్సు పక్కనుంచి వెళ్లింది. కిటికీలో అక్క. బస్సు ఆపమనలేదు. మొహం తిప్పుకోనూ లేదు.

ఇప్పుడా బండి అన్ని బండ్లలాగే లీటరుకి నలభై ఇస్తోంది. నెల్లాళ్లు ఆవిడ బస్సులోనే వెళ్లింది. ఒక పొద్దున జడివాన. గొడుగేసుకుని బండి ముందుకొచ్చి నిలబడింది.

"మూత తియ్యి."

తీశాడు. వంగి, కళ్లారా చూసి, ట్యాంకు ఓసారి కదిపి, అప్పుడెక్కింది. ఇప్పటికీ రోజూ అంతే. ఆవిడ చూడటం అయ్యేదాకా ఆయన మూత చేత్తో పట్టుకుని తలొంచుకుని నిలబడతాడు.

అబద్ధమంటారా? బంకులో నాలుగో పంపు దగ్గర, చెవిలో పెన్ను దోపుకుని ఉంటాడు. వాణ్ణందరూ గరాటు అంటారు, ఎవర్నడిగినా చూపిస్తారు. మూత తీసింది వాడే, అడగండి.